టవాలు కింద పెన్సిలిన్

మా కాలంలో పిల్లల డాక్టరు దగ్గరికి పోవడమంటే మొదట ఒక చప్పుడు. స్పిరిట్ స్టౌ మీద గిన్నెలో నీళ్ళు తెర్లుతుంటే అందులో గాజు సిరంజీ, సూదులూ గలగలమంటూ ఉంటాయి. ఆ చప్పుడు తెలిసిన పిల్లలు వీధి మలుపులోనే ఏడుపు అందుకునేవాళ్ళు. ఇప్పటి పిల్లల ఆసుపత్రుల్లో గోడల నిండా ఏనుగులు, జిరాఫీలు. ఏడుపు మాత్రం అప్పటిదే, దానికి రంగులు వేయడం ఎవరి వల్లా కాలేదు. నేను ఆ గిన్నె దగ్గర నిలబడి ఉద్యోగం చేసినవాణ్ణి. కాంపౌండరునన్నమాట. డాక్టరు గదికీ జనం కూర్చునే వసారాకూ మధ్య గోడలో చిన్న కిటికీ ఉండేది. అందులోంచి ఒక తలకాయ, మందుసీసా పట్టుకున్న ఒక చెయ్యి బయటికి వచ్చేవి. ఆ తలకాయ, ఆ చెయ్యి నావి. మిగతా ఒళ్ళు ఎవరూ చూసినట్టు లేదు.

నా చదువు సంగతి రెండు మాటల్లో చెప్పేస్తాను, ఎక్కువ చెప్పడానికి అందులో ఏమీ లేదు. పెనుకొండ బడిలో లెక్కల అయ్యవారు, నేను ఒకరినొకరం భరించలేకపోయాం. ఆయన జీతం తీసుకుంటున్నాడు గనక ఆయన ఉండిపోయాడు, నేను బయటికి వచ్చేశాను. మా నాయన నన్ను తీసుకుపోయి ధర్మవరంలో తనకు తెలిసిన ఒక డాక్టరు దగ్గర పెట్టాడు. సీసాలు కడగడంతో మొదలై మందు కలపడానికి, అక్కడినుంచి సూది వేయడానికి ఎదిగాను. యోగ్యతాపత్రం చాలా ఏళ్ళ తర్వాత వచ్చింది. అప్పటికే సగం ధర్మవరం పిరుదులు నాకు బాగా పరిచయం.

ధర్మవరం డాక్టరుకు పెన్సిలిన్ అంటే ప్రాణం. నిజానికి అది ప్రేమించదగిన మందే. ఇంక లేదనుకున్న మనిషి లేచి కూర్చుని గంజి అడగడం నేను కళ్ళారా చూశాను. చావబోయేవాణ్ణి లేపిన మందు చీదేవాడికి పనికిరాదా అన్నది మా డాక్టరు వాదం. ముక్కు కారితే పెన్సిలిన్. దగ్గితే పెన్సిలిన్. చంటిది అన్నం దగ్గర మారాం చేస్తే, ఎందుకైనా మంచిదని, పెన్సిలిన్. ఊరివాళ్ళను కూడా తప్పుపట్టలేం. అది మగ్గాల ఊరు. బిడ్డ ఏడిస్తే తల్లి కండెలు చుట్టడం ఆగుతుంది, కండెలు లేకపోతే మగ్గం ఆగుతుంది. ఆగిన మగ్గం ముందు కూర్చున్నవాడికి "రెండు రోజులు చూద్దాం" అని చెప్పి బతికి బయటపడ్డ వైద్యుడు లేడు.

ఒకసారి ఒక చంటివాణ్ణి తెచ్చారు. తెల్లవారినప్పటినుంచి ఒకటే ఏడుపట. మా డాక్టరు చెయ్యి పట్టి చూసేలోపలే సూది పట్టుకున్నాడు. వేసేశాం. వాడికి చొక్కా తొడగబోయి తల్లి దులిపితే లోపలినుంచి ఇంత గండుచీమ కింద పడింది. మళ్ళీ చొక్కా తొడిగాక వాడు నవ్వడం మొదలుపెట్టాడు. ఆ తల్లి చీమను చెప్పుతో నలిపేసి, డాక్టరుకు మాత్రం రెండు చేతులూ ఎత్తి దండం పెట్టింది. ఆయన ఆ దండం తీసుకుని, నావైపు తిరిగి, "మందంటే అట్ల పనిచేయల్ల" అన్నాడు.

ఆయన కొంతకాలానికి బెంగుళూరు వెళ్ళిపోయాడు. నేను రైలెక్కి హిందూపురంలో దిగాను. అక్కడ కొత్తగా ఒక పిల్లల డాక్టరు వచ్చాడు, కాంపౌండరు కావాలట, అని విన్నాను.

ఈ డాక్టరు కోస్తా మనిషి. మద్రాసులో చదివి, పిల్లల వైద్యం ప్రత్యేకంగా నేర్చుకుని వచ్చాడు. మనిషి సన్నం, గొంతు మెత్తన. నన్ను కూడా "ఏమండీ" అని పిలిచేవాడు. అంతవరకూ నన్ను "రేయ్" అని తప్ప పిలిచినవాళ్ళు లేరు గనక మొదట్లో ఆయన పిలిచినప్పుడల్లా నా వెనక ఎవరున్నారా అని తిరిగి చూసేవాణ్ణి.

ఆయన పద్ధతి వేరు. బిడ్డను తల్లి ఒళ్ళోనే ఉంచి, చొక్కా పైకెత్తి, వాచీ చూస్తూ ఊపిరి లెక్కపెట్టేవాడు. పక్కటెముకల దగ్గర చర్మం లోపలికి పోతోందా అని వంగి చూసేవాడు. పాలు తాగుతోందా, ఆడుకుంటోందా, మత్తుగా ఉందా అని అడిగేవాడు. జనానికి ఇదేమీ వైద్యంలా కనిపించలేదు. వాచీ చూడటం మరీ ఇబ్బందిగా ఉండేది. "ఏమప్పా, మీ డాక్టరుకు రైలుకు టైమయిందా?" అని ఒకాయన నన్ను కిటికీలో అడిగాడు.

ఇంతాచేసి చివరికి ఆయన చెప్పేది ఒకటే. జలుబండీ, దానంతటదే తగ్గుతుంది, పెన్సిలిన్ అక్కర్లేదు, తులసి కషాయం, వేడినీళ్ళ ఆవిరి, గొంతుకు ఈ ఎర్రమందు. ఎర్రమందు నేను కలిపేదే. సీసాకు కత్తిరించిన కాగితం అంటించి, ఒక్కో గాటుకు ఒక్కో మోతాదు అని చూపించేవాణ్ణి. జనం ఆ సీసాను, నన్ను మార్చి మార్చి చూసేవాళ్ళు. దానంతటదే తగ్గేదానికి ఇంతదూరం ఎందుకు వచ్చినట్టు అని వాళ్ళ ప్రశ్న. ప్రశ్న న్యాయమైనదే. అందుకే బజారుకు అవతల ఇంకో వైద్యుడి దగ్గరికి పోయి, అక్కడ సూది వేయించుకుని, మా ముందునుంచే బిడ్డ పిరుదు మీద దూది అదిమిపట్టుకుని మరీ నడిచేవాళ్ళు.

మా వసారాలో బల్లలు ఖాళీ అయ్యాయి. నేను ఒకరోజు ధైర్యం చేసి, సార్, ఒక్క సూది వేస్తే పోయేదేముంది అన్నాను. ఆయన చాలా ఓపికగా చెప్పాడు. అక్కర్లేనప్పుడు వేస్తూ పోతే క్రిములు దానికి అలవాటు పడిపోతాయి, నిజంగా ప్రాణం మీదికి వచ్చిన రోజు అది పనిచేయకపోవచ్చు. కొందరికి ఆ సూదే ప్రాణం మీదికి తేవచ్చు. నేను విని, "క్రిముల సంగతి నాకు తెలీదు సార్, తల్లులు మాత్రం బాగా అలవాటు పడిపోయినారు" అన్నాను. ఆయన నవ్వాడు. తర్వాత నవ్వు ఆపి, ఉగాది దాకా చూస్తానండీ, ఇలాగే ఉంటే సర్దుకుని వెళ్ళిపోతాను అన్నాడు.

అలాంటి రోజుల్లో వచ్చాడు దళారి. సంతలో ఎద్దుల బేరాలు కుదిర్చేవాడు. పెనుకొండ దారిలో ఒక పల్లె ఆయనది. పెద్ద మీసం, భుజాన ఎర్రంచు టవాలు, వెనక బిడ్డనెత్తుకుని ఆయన తల్లి. ఆ బిడ్డకు మూడేళ్ళుంటాయి. ధర్మవరంలో దానికి నేనే చాలాసార్లు సూదులు వేశాను. కిటికీలో నా తలకాయ చూడగానే దళారి మొహం వికసించింది, బిడ్డ మొహం ముడుచుకుంది.

"నువ్వీడుండావా అబ్బా! ఇంకేం, పనయిపాయ. సూది ఎత్తుకో" అన్నాడు.

డాక్టరు చొక్కా ఎత్తాడు, వాచీ చూశాడు, గొంతు చూశాడు, చెవులు చూశాడు. జలుబే అన్నాడు. దళారి సూది అన్నాడు. డాక్టరు అక్కర్లేదు అన్నాడు. దళారి గొంతు పెద్దదయ్యే కొద్దీ డాక్టరు గొంతు చిన్నదవుతూ వచ్చింది, కానీ మాట మారలేదు. చివరికి దళారి విసిగిపోయి భుజం మీది టవాలు లాగాడు. కొడతాడేమోనని నేను తలుపు దగ్గరికి వచ్చాను. కొట్టలేదు. ఆ టవాలును డాక్టరు కుడిచేతి మీద కప్పి, తన చెయ్యి దాని కిందికి పోనిచ్చాడు.

సంతలో ఎద్దు బేరం ఎట్లా జరుగుతుందో చూడనివాళ్ళకు ఇక్కడ ఒక మాట చెప్పాలి. అమ్మేవాడు, కొనేవాడు చేతుల మీద గుడ్డ కప్పుకుని, వేళ్ళు నొక్కి ధర చెప్పుకుంటారు. నొక్కిన వేళ్ళే ధర. పైన నోటితో ఇద్దరూ నానా మాటలూ అంటుంటారు. ఇది ఎద్దా, గంగిరెద్దా, దీనికి పళ్ళున్నాయా, నా ఇల్లు కూలిపోతుంది, నీకు దయ లేదా. ఆ అరుపులు చుట్టూ చేరినవాళ్ళ కోసం. వాటిని ఎవరూ లెక్కలోకి తీసుకోరు. గుడ్డ కింద వేలు చెప్పిందే మాట. ఒకసారి గుడ్డ తీశాక ఆ మాట తప్పినవాడు మళ్ళీ సంతకు రాకపోవడమే మంచిది.

డాక్టరు నావైపు చూశాడు. తేలు కుట్టినా ఇంకొంచెం నిబ్బరంగా ఉండేవాడేమో.

"ఎన్నిరోజులు ఆగమంటారో అన్ని వేళ్ళు నొక్కండి సార్" అన్నాను.

ఆయన నొక్కాడు. దళారి విదిలించుకుని తను నొక్కాడు. టవాలు, కింద రెండు పిల్లులు దూరినట్టు, కదలసాగింది. పైన దళారి, నువ్వు డాక్టరువా, నీకు పిల్లల్లేరా, నా బిడ్డ ఉసురు నీకు తగలదా అని అరుస్తున్నాడు. బిడ్డ మాత్రం నేనిచ్చిన ఖాళీ మందుడబ్బీ నేలమీద దొర్లించి ఆడుకుంటోంది. కాసేపటికి కదలడం ఆగింది. దళారి టవాలు లాగేసి భుజాన వేసుకున్నాడు.

"మూడు రోజులు. మూడుకు కూడా తగ్గకపోతే సూదేస్తావు. మాటే గదా?"

"మాటే. కానీ ఈలోపల ఎక్కువైతే వెంటనే తీసుకురండి" అన్నాడు డాక్టరు.

దానికి దళారి తల ఊపాడు. సంతలో అన్ని మాటలకూ ఎట్లా ఊపుతాడో అట్లాగే.

మూడు రోజులకు బిడ్డ ముక్కు ఆరింది. జలుబుకు అది పెద్ద ఘనకార్యమేమీ కాదు. కానీ దళారి పని పెట్టుకుని మరీ వచ్చాడు. ఆయన సంతోషం బిడ్డకు నయమైనందుకు సగం, బేరం నిలిచినందుకు సగం. ఈ కోస్తాయన చెయ్యి గట్టిది, మాట మాటే అని సంతంతా చెప్పాడు.

అప్పటినుంచి మా వసారా నిండింది. మీరు నమ్మినా నమ్మకపోయినా, జనం పెన్సిలిన్ అడగడం మానేసి టవాలు అడగడం మొదలుపెట్టారు. గుడ్డ లేకుండా డాక్టరు ఏం చెప్పినా తేలికగా తీసుకునేవాళ్ళు. గుడ్డ కప్పి మూడు నొక్కితే బుద్ధిగా ఇంటికి పోయి కషాయం కాచుకునేవాళ్ళు. టవాలు తెచ్చుకోని పట్నం బాబుల కోసం నేను కిటికీ పక్కన మేకుకు ఒకటి తగిలించాను. బెల్లం మండీ షావుకారు ఒకాయన నలుగురు పిల్లలను వరసగా కూర్చోబెట్టి, అందరికీ కలిపి ఒకే బేరం చేసుకుందాం, కొంచెం తగ్గించండి అన్నాడు. ఒక బడిపంతులు ఇదంతా అనాగరికమని నాకు చాలాసేపు ఉపన్యాసమిచ్చి, లోపలికి పోగానే జేబురుమాలు తీశాడు. అది చిన్నది. నాలుగు వేళ్ళు కనిపిస్తూనే ఉన్నాయి.

డాక్టరుకు ఇది మొదట సిగ్గుగా ఉండేది. మద్రాసులో తనకు పాఠం చెప్పినవాళ్ళు చూస్తే ఏమనుకుంటారో అనేవాడు. అయితే రోజూ అన్నిన్ని సూదులు తప్పుతుంటే సిగ్గు కూడా సర్దుకుంది. నాకూ పని తగ్గింది. సూదుల మొనలు సానమీద నూరడం వారానికోసారికి వచ్చింది. ఉగాది వచ్చింది, పోయింది. ఆయన సర్దుకుని వెళ్ళే మాట ఎత్తలేదు. పెన్సిలిన్ మీద మేము గెలిచేశామని ఇద్దరమూ అనుకున్నాం.

చలికాలం వచ్చింది. దళారి బిడ్డకు మళ్ళీ జలుబు చేసింది. ఈసారి తండ్రి సూది ఊసే ఎత్తలేదు. వస్తూనే టవాలు తీశాడు. డాక్టరు ఎప్పటిలాగే అంతా చూశాడు. ఆ రోజుకు అది జలుబే. మూడు నొక్కాడు, ఎక్కువైతే తీసుకురమ్మన్నాడు, దళారి తల ఊపాడు.

గడువుకు ఒకరోజు ముందే, సంత రోజున, దళారి వాళ్ళమ్మ ఒక్కతే బిడ్డను భుజాన వేసుకుని బస్సు దిగి వచ్చింది. నేను కిటికీలోంచి చూసి అలవాటు కొద్దీ వేళాకోళమాడాను.

"ఏమవ్వా, గడువు రేపు గదా. మీవాడు ఈరోజు సంతలో ఎద్దుల్ని చూసుకుంటాంటే నువ్వు బేరం చెడగొట్టేకొచ్చినావా?"

అవ్వ నవ్వలేదు. బిడ్డ నన్ను చూసి ఏడవలేదు. నేను కాంపౌండరుగా ఉన్నన్నాళ్ళూ నన్ను చూసి ఏడవని బిడ్డను చూస్తేనే నాకు భయం. నేను వసారాలోవాళ్ళను పక్కకు జరిపి అవ్వను నేరుగా లోపలికి తీసుకుపోయాను.

డాక్టరు చొక్కా ఎత్తాడు. వాచీ అవసరం కూడా లేకపోయింది. పక్కలు ఎగిరిపడుతున్నాయి. ఒక్కో ఊపిరికీ పక్కటెముకల మధ్య గుంటలు పడుతున్నాయి. ముక్కుపుటాలు అదురుతున్నాయి. ఊపిరితిత్తుల్లోకి దిగిందండీ, పెన్సిలిన్ తీయండి అన్నాడు. నేను స్టౌ వెలిగించాను.

అవ్వ బిడ్డను ఎదకు అదుముకుని వెనక్కి జరిగింది.

"సూది వద్దు నాయనా."

ఇన్నాళ్ళూ ఆ గదిలో ఎవరి నోటినుంచి రావాలని డాక్టరు ఎదురుచూశాడో ఆ మాట, రాకూడని రోజున వచ్చింది.

"మరెందుకు తెచ్చారమ్మా?"

"నా మనసు ఆగల్యా. ఒగసారి నీకు చూపించుకోని పోదామని తెచ్చినా. నా కొడుకు రేపటిదంకా మాటిచ్చిండాడు. బిడ్డ రాత్రంతా ఎగపోస్తాండె, పోదాం పారా అంటే, మాట మాటేమ్మా, గడువు కాలేదు అన్న్యాడు. వాడు మాట తప్పితే రేపు సంతలో వానికి ఎవురు చెయ్యి ఇస్తారు? ఆ చెయ్యి మీదనే గదా మాయింట్లో పొయ్యి వెలిగేది."

"ఎక్కువైతే వెంటనే తీసుకురమ్మని చెప్పాను కదమ్మా! ప్రతిసారీ చెప్పాను!"

"చెప్పినావులే నాయనా. అది పైమాట గదా" అంది అవ్వ, ఆయన్ను ఓదారుస్తున్నట్టు. "పైన అందురూ ఏందేందో అంటారు. కింద నువ్వు మూడు నొక్కినావు."

డాక్టరు నావైపు చూశాడు. నేను గిన్నెవైపు చూశాను. నీళ్ళు ఇంకా తెర్లలేదు. అన్ని నెలలుగా ఆ వసారాలో ఎందరు తండ్రులు ఆ మాట విని తల ఊపి పోయారో ఇద్దరికీ ఒకేసారి గుర్తొచ్చింది. వాళ్ళందరి పిల్లలూ జలుబుతోనే బయటపడ్డారంటే అది వాళ్ళ అదృష్టం, అంతకంటే మా అదృష్టం.

సంత ఊరికి అవతల చివర. దళారిని వెతికి తెచ్చేంత వ్యవధి ఆ ఊపిరికి లేదు. బిడ్డను లాక్కుని సూది వేద్దామా అంటే అవ్వ చేతులు కలుపుతీసి గట్టిపడ్డ చేతులు. పైగా బిడ్డను లాగితే ఆ ఊపిరి కూడా పోయేట్టుంది. నేను మేకుకున్న టవాలు తెచ్చి డాక్టరు చేతికిచ్చాను. అవ్వ తల అడ్డంగా ఊపింది. టవాలు మొగవాళ్ళదట. తను సంతకు పోయిన మనిషి కాదు, ఆ గుడ్డ కింద చెయ్యి పెట్టదు.



డాక్టరు టవాలు బల్లమీద పడేశాడు. అవ్వ ముందుకు వచ్చి నిలబడ్డాడు.

"అమ్మా, నీ కొంగు ఇస్తావా?"

అంతవరకూ అందరినీ "మీరు" అనే ఆ మనిషి ఆ రోజు "నువ్వు" అన్నాడని నాకు చాలా రోజుల తర్వాత తట్టింది.

అవ్వ ఆయన్ను చూసింది. బిడ్డను ఎడమ భుజానికి మార్చుకుని, కుడిచేతి మీదికి కొంగు లాక్కుంది. డాక్టరు చెయ్యి ఆ కొంగు కిందికి పోయింది. మామూలుగా అక్కడ కదలిక ఉంటుంది, గుంజుకోవడాలుంటాయి. కొంగు కదలలేదు. పైన ఎవరూ ఏమీ అనలేదు. బిడ్డ గొంతులో చిన్న మూలుగు, స్టౌ బుస, అంతే. అవ్వ కింద చేతుల వైపు చూడకుండా ఆయన మొహం వైపే చూస్తోంది.

"సరే, ఎయ్యి" అంది.

గిన్నె తెర్లింది. డాక్టరు తానే సూది వేశాడు. బిడ్డ ఏడ్చింది, పీలగా, కోపంగా. ఆయన కుర్చీలో కూలబడి, ధర్మవరంలో ఈ ఒంట్లోకి ఇలాంటివి ఎన్ని పోయాయండీ అని నన్ను అడిగాడు. చాలా పోయాయి అన్నాను. ఆయన ఏమనుకుంటున్నాడో నాకు తెలుసు. చీమకు వేసిన మందు ఇప్పుడు దీనికి పనిచేస్తుందా లేదా అని. బిడ్డను ఇంటికి పంపలేదు. లోపలి గదిలో మంచం వేశాం.

సాయంత్రం దళారి వచ్చాడు. సంతనుంచి ఇంటికి పోయి, సంగతి విని, పరుగున వచ్చాడు. ముందు బిడ్డ ఊపిరి చూశాడు. తర్వాత దాని తొడమీద దూది చూశాడు. మనిషి ఎర్రబడిపోయాడు. ఒకనాడు ఇదే గదిలో సూది వేయలేదని అరిచినవాడు, ఈరోజు సూది వేశారని అరిచాడు. గడువు కాకుండా తన మాట తీసిందెవరని అడిగాడు.

"నేనే తీసినా" అంది అవ్వ, మంచం పక్కనుంచి లేవకుండా. "కొత్త బేరం చేసినా. నా కొంగు కింద."

దళారి తల్లి కొంగు వైపు చూశాడు. సంతలో పుట్టి పెరిగినవాడు, ఇలాంటిది వినలేదు. చివరికి వృత్తిధర్మం కొద్దీ అడిగాడు.

"ఎంతకు కుదిరె?"

"నీకేల? కింద మాట బయట చెప్తారా?"

ఆయన టవాలుతో మొహం తుడుచుకుని బిడ్డ కాళ్ళ దగ్గర కూర్చున్నాడు. అలా కూర్చున్నవాడు తెల్లారేదాకా లేవలేదు. ఆ రాత్రిని నేను వర్ణించను. మళ్ళీ మళ్ళీ సూది వేశాం, మళ్ళీ మళ్ళీ చొక్కా ఎత్తి చూశాం. పొద్దున ఎండ వసారాలోకి వచ్చేసరికి పక్కల ఎగురుడు తగ్గింది. మధ్యాహ్నానికి బిడ్డ కళ్ళు తెరిచి కిటికీలో నా తలకాయ చూసి, గుక్కపట్టి ఏడ్చింది. నాకు అంతకంటే మంచి కితాబు ఎవరూ ఇవ్వలేదు.

బిడ్డను తీసుకుపోయే రోజున డాక్టరు దళారిని లోపలికి పిలిచి తలుపు వేశాడు. ఇద్దరూ చాలాసేపు టవాలు కింద చేతులు పెట్టుకుని కూర్చున్నారు. బయటికి వచ్చాక మా క్లినిక్‌లో బేరం పద్ధతి మారింది. మూడు వేళ్ళు నొక్కాక డాక్టరు ఎదుటివాడి పిడికిలి మొత్తం పట్టుకునేవాడు. ఊపిరి ఎగపోసినా, పాలు మానేసినా, మత్తుగా పడున్నా మూడు లేదు, రెండు లేదు, అదే క్షణం రావాలి అని ఆ పట్టుకు అర్థం. ఎదుటివాడు తిరిగి గట్టిగా పట్టుకుంటేనే టవాలు తీసేవాడు. ఆ పట్టును సంతలో వాడుకలోకి తెచ్చింది దళారే. అక్కడ ఎద్దులకు దాని అవసరం ఏమిటో నాకు తెలీదు. పిల్లల తండ్రులందరికీ మాత్రం మా దగ్గరికి రాకముందే తెలిసిపోయేది.

ఇప్పుడు మా మనవలకు తుమ్ము వస్తే మా కోడలు ఫోను తీసే లోపలే ఎవరో ఒకరు మందు పేరు చెబుతారు. ఆ పేర్లు నాకు నోరు తిరగవు. అవి పెన్సిలిన్‌కు మనవలు, మునిమనవలు అని మాత్రం తెలుసు. నేను వద్దంటే, ఎనిమిదో తరగతి చదివినాయన చెబుతున్నాడులే అని నవ్వుతారు. ఒకసారి నా భుజం మీది టవాలు తీసి మా అబ్బాయి చేతిమీద కప్పాను. వాడు చెయ్యి తుడుచుకుని తిరిగిచ్చాడు.

ఒక్క సంగతి మిగిలింది. ఆ రోజు కొంగు కింద డాక్టరు ఏం నొక్కాడని నాకు ఏళ్ళ తరబడి కుతూహలం. సూది ఇప్పుడే వేయాలి అనడానికి ఏ వేలు నొక్కాలి? ఏ వేలూ నొక్కకపోతే అది బేరమెట్లా అవుతుంది? డాక్టరును అడిగితే, కింద మాట బయట చెప్పరు కదండీ అని తప్పించుకున్నాడు. ఆయన కూడా మా ఊరివాడైపోయాడని అప్పుడే తెలిసింది.

తర్వాతెప్పుడో పెనుకొండ స్టేషన్లో రైలు కోసం కూర్చుంటే, అదే బెంచీ మీద అవ్వ. పక్కన ఆ బిడ్డ, అప్పటికి జడలేసుకునే పిల్ల, నన్ను గుర్తుపట్టి దూరం జరిగింది. నేను అవ్వను అడిగాను, ఇప్పుడైనా చెప్పు, ఆయన ఏం నొక్కినాడని.

అవ్వ కొంగు సర్దుకుంది.

"ఏమీ నొక్కల్యా నాయనా. ఊరికే పట్టుకున్న్యాడు. చెయ్యి వణుకుతాండె. సంతలో చేతులెట్లుంటాయో మావాడు నాకు శానా చెప్పిండాడు. అమ్మేవాని చెయ్యి వణకదంట, కొనేవాని చెయ్యి వణకదంట. ఇది బేరానికొచ్చిన చెయ్యి కాదులే అనుకున్న్యా."